మళ్ళీ బుడమేరు వస్తే మేడ మీద ఆగాలా, తాళం వేసి వెళ్ళిపోవాలా?

వంతెన పక్క (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న రాత్రి ఏకధారగా వాన. మా వీధి వాట్సాప్ గుంపులో ఎవరో బుడమేరు వాగు కట్ట మళ్ళీ తెగిందని పెట్టారు. వదంతి అని అరగంటలో తేలింది కానీ, ఆ అరగంటలో మా ఇల్లు రెండుగా చీలింది. మా ఆవిడ ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టేసింది. మా నాన్నగారు మంచం దిగలేదు. "పోయినసారి మేడ మీద ఉన్నాం, బతికాం. ఎవరింటికో వెళ్ళి వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చోలేను" అన్నారు.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం సంగతి ఇక్కడ చాలామందికి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం: ముందు రోజంతా కుండపోత, బుడమేరుకు గండ్లు, తెల్లవారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ నీళ్ళలో ఉన్నాయి. కొన్ని వీధుల్లో నీళ్ళు తీయడానికి వారం దాటింది. మేము ఆరు రోజులు పై వాటా వాళ్ళ వసారాలో తలదాచుకున్నాం.

మళ్ళీ వస్తే ఆగాలా, వెళ్ళాలా? అనుభవించినవాళ్ళు చెప్పండి. రాజకీయం వద్దు, దయచేసి.

ఉయ్యూరు చెరుకు

రాజకీయం వద్దన్నారు కాబట్టి మూడో సమాధానంలో వస్తుంది, చూడండి.

మేడమీది మాస్టారు

ఆగాలి. ఇందులో చర్చకు ఏముందో నాకు అర్థం కాదు.

మాది పాయకాపురం, సొంత ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. ఎనిమిది రోజులు పైనే ఉన్నాం. మా ఇంటివాళ్ళు నలుగురు, కింది వాటా వాళ్ళు నలుగురు, ఎదురింటి పెంకుటింటి వాళ్ళు ఆరుగురు. వెరసి పద్నాలుగు మంది, ఒక్క మరుగుదొడ్డి. మొదటి రోజు ఎవరికీ బుద్ధి లేక ట్యాంకులో నీళ్ళన్నీ మామూలుగా వాడేశాం. కరెంటు లేదు, మోటారు మునిగింది, మళ్ళీ నింపేది ఎలా అని సాయంత్రానికి గాని తట్టలేదు. రెండో రోజు నుంచి మనిషికి ఇన్ని చెంబులు అని నేనే గీత గీశాను. సిలిండరు పైకి తెచ్చుకున్నాం కాబట్టి గంజి అయినా కాచుకున్నాం. మూడో రోజు నుంచి పడవ వచ్చేది. తాడుకు బకెట్టు కట్టి దించితే పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు వేసేవాళ్ళు. ఒకసారి డ్రోను వచ్చి మా పక్క డాబా మీద పొట్లం వదిలింది. పిల్లలకు అది సంబరం.

వెళ్ళినవాళ్ళ సంగతి చూశాను. మురుగు కాలువ ఏదో, రోడ్డు ఏదో తెలియని నీళ్ళలో పిల్లలను భుజాన వేసుకుని నడిచారు. అది ధైర్యం కాదు, తెలివితక్కువతనం. ఇల్లు ఖాళీగా వదిలితే దొంగల భయం వేరే. మా వెనక వీధిలో వట్టి ఇంట్లోంచి ఇత్తడి బిందెలు కూడా పోయాయి. ఇంకొక మాట. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు ఇంట్లో మనిషి ఉండాలి. తాళం వేసిన తలుపుకు ఎవరు రాస్తారు?

కందిరీగ

నమస్కారం మాస్టారు గారూ. మీరు తెలివితక్కువతనం అన్న పని చేసినదాన్ని నేను. పిల్లను భుజాన వేసుకుని నడిచాను. ఛాతీ లోతు నీళ్ళు. సింగ్‌నగర్ వంతెన వరకు వెళ్ళేసరికి రెండు గంటలు పట్టింది. మామూలు రోజున పది నిమిషాల దారి.

వెళ్ళాలి అనే చెబుతాను. మాది కింది వాటా, అద్దెకు. శనివారం రాత్రే మైకు ఆటో వచ్చి చెప్పింది, లోతట్టువాళ్ళు జాగ్రత్త అని. అప్పుడే కదిలి ఉంటే నడుము తడవకుండా పోయేవాళ్ళం. ఆగినందుకు అనుభవించాం.

మేడమీది మాస్టారు

శనివారం రాత్రి మైకు రాలేదు.

కందిరీగ

వచ్చింది.

మేడమీది మాస్టారు

అమ్మా, నేను ఆ రాత్రి రెండు గంటల వరకు వరండాలో కూర్చుని వాన చూశాను. కుక్క అరిచినా వినబడేది. మైకు రాలేదు. మా వీధిలో నలభై ఇళ్ళు, ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

కందిరీగ

మీ వీధికి రాకపోతే మా వీధికి రాలేదని అర్థమా?

కాలువగట్టు

మైకు సంగతి తరువాత. ముందు ఒక తప్పు దిద్దాలి. పైన ఒకరు బుడమేరుకు గండ్లు అని రాశారు. ప్రధానంగా గండ్లు పడింది బుడమేరు మళ్ళింపు కాలువకు, ఎడమ గట్టున, కవులూరు దగ్గర, మూడు చోట్ల. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర బుడమేరును పట్టి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్ళించేది ఆ కాలువే. గేట్లు ఎత్తితే నీళ్ళు పాత దారిన, అంటే ఊరి మీదుగా, కొల్లేరు వైపు పోతాయి. ఆ రోజు రెండూ జరిగాయి. గేట్లూ ఎత్తారు, గట్టూ తెగింది. పైగా కృష్ణ నిండుగా ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు దాటింది. నది అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్ళు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి.

కృష్ణలంక వాళ్ళు నది పక్కనే ఉండి రక్షణ గోడ పుణ్యమా అని బయటపడ్డారు. నది కనబడనైనా కనబడని సింగ్‌నగర్ మునిగింది. కాబట్టి ఆగాలా వెళ్ళాలా అనేది కాదు ప్రశ్న. మళ్ళింపు కాలువ వెడల్పు ఎంత అనేది ప్రశ్న.

ఉయ్యూరు చెరుకు

ఇంటావిడ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడితే కాలువ వెడల్పు కొలిచి రమ్మంటారా?

హ్యూస్టన్‌లో గోదావరి

ఇక్కడ 2017లో హార్వే తుపాను వచ్చినప్పుడు నగర మేయరు ఊరు ఖాళీ చేయమని చెప్పలేదు. ఇళ్ళలోనే ఉండమన్నారు. కారణం 2005 నాటి రీటా. అప్పుడు లక్షలమంది ఒకేసారి కార్లతో రోడ్డెక్కితే ఎండలో, రద్దీలో చాలామంది చనిపోయారు. తుపాను కన్నా ప్రయాణమే ఎక్కువమందిని తీసుకుంది. అయితే హార్వేలో ఉండిపోయినవాళ్ళను వేల సంఖ్యలో పడవల మీద బయటకు తీయవలసి వచ్చింది. మేము మిత్రుల ఇంట్లో పదకొండు రోజులు ఉన్నాం. రెండు వైపులా న్యాయం ఉందని నా అభిప్రాయం.

మేడమీది మాస్టారు

కార్లున్న ఊరి సంగతి మాకెందుకు బాబూ?

ఒకరోజు విడిచి ఒకరోజు

మా నాన్నకు డయాలసిస్. అది ఆదివారం. మంగళవారం తప్పకుండా వెళ్ళాలి. మేడ మీద ఎనిమిది రోజులు అని మీరు చెబుతుంటే నాకు చేతులు వణుకుతున్నాయి. మేము సోమవారం ట్రాక్టరు మీద బయటపడ్డాం. పడవ అతను మనిషికి ఇంత అని ధర చెప్పాడు, ఇవ్వగలిగాం కాబట్టి ట్రాక్టరు దాకా చేరాం. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, మంచాన ఉన్నవాళ్ళు ఉంటే ఇక చర్చ లేదు. వాన పెద్దదైతే ముందే పోవాలి.

మేడమీది మాస్టారు

మంచాన ఉన్నవాళ్ళను కదిలించడం ఎంత తేలికో చెప్పేవాళ్ళకు తెలియదు.

బొక్కలగడ్డ

అదే ఆదివారం మా ఖమ్మంలో మున్నేరు వచ్చింది. మేడ మీదికి పోవాలా, బయటకు పోవాలా అని ఆలోచించే సమయం కూడా లేదు. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుంటే ఒక జేసీబీ డ్రైవరు వెళ్ళి తెచ్చాడు. మీకు బుడమేరు కాస్త సమయమిచ్చింది. అది వాడుకోలేదని ఏడవండి, సరే.

కందిరీగ

సమయం ఇచ్చిందనే నేనూ అంటున్నాను. శనివారం రాత్రి మైకు.

మేడమీది మాస్టారు

రాలేదు.

పాలప్యాకెట్టు

మాది సింగ్‌నగర్ ప్రధాన రోడ్డు. శనివారం రాత్రి ఒక ఆటో మైకుతో పోయిన మాట నిజం. ఏం చెప్పిందో వానలో సగం వినబడలేదు. లోపలి వీధుల్లోకి తిరగలేదు. ఇద్దరూ ఊరుకోండి.

కాలువగట్టు

ఆ ఆటో పంచాయతీదా, నగరపాలక సంస్థదా? అది కూడా ముఖ్యమే.

వంతెన పక్క

అందరికీ దండం. నేను అడిగింది మా నాన్నగారికి ఏం చెప్పాలని. వెళ్ళినవాళ్ళు ఎక్కడ ఉన్నారు, ఎలా గడిచింది, అది కూడా ఎవరైనా చెప్పండి. ఆయన భయమంతా అదే.

గొల్లపూడి మేనత్త

మేము పునరావాస కేంద్రంలో ఉన్నాం, ఒక కల్యాణ మండపంలో. తిండికి లోటు లేదు. వేళకు అన్నం, సాంబారు. రాత్రి ఫ్యాన్లు తిరిగేవి. ఆడవాళ్ళకు స్నానం కోసం తెల్లవారుజామున మూడింటికి లేచి వరుసలో నిలబడాలి, అదొక్కటే. చుట్టాల ఇంటికన్నా నయం. అక్కడ ఎవరూ మొహం మాడ్చరు, అందరిదీ ఒకే గతి.

కందిరీగ

సరే, నేను చెబుతాను. వెళ్ళాలని అన్నదాన్ని కదా, వెళ్ళాక ఏమైందో కూడా చెప్పాలి.

వంతెన మీద ఒక రాత్రి ఉన్నాం. అక్కడ ఊరు ఊరంతా ఉంది. పడవల్లో దిగేవాళ్ళు, పొట్లాలు పంచేవాళ్ళు, లోపల ఉండిపోయిన అమ్మకోసం, అన్నకోసం ప్రతి పడవనూ ఆపి అడిగేవాళ్ళు. సోమవారం మా వారి అక్కగారి ఇంటికి, గుంటూరు చేరాం. మమ్మల్ని చూసి ఆవిడ ఏడ్చింది. తన చీరలు ఇచ్చింది. పిల్లకు తలంటు పోసింది. ఆ మొదటి రెండు రోజులూ నేను జన్మలో మరిచిపోను, అది అబద్ధం చెప్పకూడదు.

మూడో రోజు నుంచి పొద్దున్నే ఒక ప్రశ్న మొదలైంది. "ఇంకా తీయలేదా నీళ్ళు?" ప్రేమగానే అడిగేవాళ్ళు. రోజూ అదే ప్రశ్న, కాఫీతోపాటు. నాలుగో రోజుకు కాఫీ ఎప్పుడు తాగాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను, వాళ్ళు లేవకముందా, తాగేశాకా అని. పాలు ఎక్కువవుతున్నాయని ఎవరూ అనలేదు. కానీ పాలగిన్నె మూత తీసి చూసేటప్పుడు ఆవిడ నావైపు చూసేది కాదు.

టీవీ ముందు కూర్చునేదాన్ని. ఏ చానల్ పెట్టినా మా వంతెనే. పడవ వెనక కనబడే గోడ మాదేనేమోనని. ఒకసారి మా వీధి మొదట్లో ఉన్న వేపచెట్టు కనబడింది. కొమ్మల దాకా నీళ్ళు. అరిచి అందరినీ పిలిచాను. అందరూ వచ్చేసరికి ప్రకటన వచ్చింది.

మా వారు తీసుకెళ్ళిన చొక్కా ఒకటే. బావగారి చొక్కాలు ఆయనకు వదులు. అవి వేసుకుని పనికి ఎలా వెళ్ళాలి, అసలు పని ఎక్కడ ఉంది? ఆయన రోజంతా బస్టాండులో తిరిగేవారు, ఇంట్లో మగవాడు కూర్చుని కనబడకూడదని.

సెప్టెంబరు 7 వినాయక చవితి. అక్కగారి పిల్లలు పూజ దగ్గర తమ పుస్తకాలు పెట్టారు. మా పిల్ల నా పుస్తకాలు కూడా పెట్టమంది. అవి పాయకాపురంలో నీళ్ళలో ఉన్నాయని దానికి తెలుసు. అయినా అడిగింది. అక్కగారి చిన్నవాడు తన లెక్కల పుస్తకం ఇచ్చి "ఇది నీది అనుకో" అన్నాడు. ఆ రోజే చివరి గండి పూడ్చారని టీవీలో చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. గండి కోసం కాదు.

పన్నెండు రోజులు. తిరిగి వెళ్ళేటప్పుడు అక్కగారు బియ్యం, పచ్చడి కట్టి ఇచ్చింది. మనసులో ఏమీ పెట్టుకోలేదని నాకు తెలుసు. అయినా ఈ రోజుకీ ఆ ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావు.

కాబట్టి మీ నాన్నగారిది మొండితనం కాదు. కానీ ఆయనకు మేడ ఉంటేనే ఆ మాట అనగలరు.

గొల్లపూడి మేనత్త

తల్లీ, కళ్ళు చెమర్చాయి.

మేడమీది మాస్టారు

బాగా రాశావమ్మా. అయితే నువ్వే నా మాట ఒప్పుకున్నావు. వెళ్ళడం వల్ల సుఖపడలేదు. అందుకే ఆగాలని అంటున్నాను.

కందిరీగ

ఎక్కడ ఆగాలి? అది చెప్పండి. నీళ్ళ మీద నిలబడాలా?

మా ఇంటి ఓనరు పైన ఉంటారు. మెట్లకు ఇనుప గ్రిల్లు, దానికి తాళం. తెల్లవారుజామున నీళ్ళు గడప దాటాయి. ఫ్రిజ్, టీవీ, కుట్టు మిషను, కనీసం పరుపులైనా పైకి చేర్చుకుంటామని కింద నుంచి కేకలు వేశాం. "సామాను రుద్దుకుని సున్నం పోతుంది, మనుషులు మాత్రం రండి" అన్నారు. రమ్మని తాళం తీసిందీ లేదు. తీసేసరికి మోకాలు దాటింది. కుట్టు మిషను నా బతుకు. రెండు నెలల అద్దె బాకీ ఉన్న మాట కూడా ఆ మెట్ల మీదే గుర్తు చేశారు. ఆ పైన కూర్చుని ఆయన పెట్టే గంజి తాగడం ఇష్టం లేక నడిచాం. మీరు తెలివితక్కువతనం అన్నది దీన్నే.

మేడమీది మాస్టారు

ఓహో, ఇప్పుడు బయటపడింది. మేడ ఉన్నవాళ్ళందరూ రాక్షసులు.

అయితే నా సంగతీ విను. ఎనిమిది రోజులు పద్నాలుగు మందికి నా ఇంట్లో వండి పెట్టాం. ఒక్కరి దగ్గర పైసా తీసుకోలేదు. తరువాత ప్రభుత్వం సాయం ఇచ్చింది. కింది వాటా మునిగినవారికి 25,000 రూపాయలు, పై అంతస్తు వారికి 10,000. మునిగిన గోడలు నావి, తలుపులు నావి, మోటారు నాది, కరెంటు మీటరు నాది. 25,000 మా అద్దెదారులకు వెళ్ళింది. డబ్బు ఖాతాలో పడిన వారానికి ఇల్లు ఖాళీ చేశారు. ఆ నెల అద్దె ఇవ్వలేదు. బురద కడగడానికి కూడా రాలేదు. అగ్నిమాపక బండి వచ్చి గొట్టంతో కడిగితే, మిగిలింది నేనూ మా ఆవిడా చీపురుతో ఎత్తిపోశాం. నాకు అరవై ఆరేళ్ళు.

కందిరీగ

ఆ డబ్బు గోడలకు ఇచ్చారా, బతుకులకు ఇచ్చారా? గోడ ఆరుతుంది మాస్టారూ. పరుపు ఆరదు. గోడ మీ పేరున రిజిస్టరై ఉంటుంది. నా కుట్టు మిషనుకు రిజిస్ట్రేషను లేదు.

అదీ మాకు వెంటనే రాలేదు. రాసుకోవడానికి వచ్చిన రోజు మేము గుంటూరులో. తలుపు తాళం. పేరు లేదు. తరువాత మూడుసార్లు తిరిగితే ఎక్కింది. ఇంట్లో ఉన్నవాడికే నష్టం అన్నట్టు.

మేడమీది మాస్టారు

అందుకే ఆగమన్నాను. మొదటి సమాధానంలోనే రాశాను.

కందిరీగ

మీతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టే ఉంది. అదీ మీ గోడే.

మేడమీది మాస్టారు

మర్యాద.

నిర్వాహకుడు

ఇద్దరికీ మనవి. మాట జారితే చర్చకు తాళం వేయవలసి వస్తుంది.

ఉయ్యూరు చెరుకు

గ్రిల్లుకు వేసినట్టా?

పాలప్యాకెట్టు

ఒక మాట చెప్పనా, ఇద్దరూ కోపం తెచ్చుకోకండి. మీరు ఒకరితో ఒకరు పోట్లాడటం లేదు. ఆవిడ తన ఓనరుకు చెప్పలేకపోయింది మాస్టారికి చెబుతోంది. ఆయన తన అద్దెదారుకు చెప్పలేకపోయింది ఆవిడకు చెబుతున్నారు. ఇద్దరూ పాయకాపురమే కాబట్టి అసలువాళ్ళు కూడా ఈ చర్చ చదువుతూ ఉండవచ్చు.

కాలువగట్టు

ద్విచక్ర వాహనాలకు 3,000 ఇచ్చిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంజను విప్పి శుభ్రం చేయించడానికే అంతకన్నా ఎక్కువైంది నాకు.

ఒకరోజు విడిచి ఒకరోజు

మాస్టారు గారూ, నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఎనిమిది రోజులు, పద్నాలుగు మంది, నీళ్ళు లేవు. మూడో రోజు నుంచి పడవ వస్తోందని మీరే రాశారు. మీ కుటుంబాన్ని తీసుకుని మీరెందుకు దిగలేదు? దొంగల భయమే అయితే మీరు ఒక్కరు ఉండి మిగతావాళ్ళను పంపవచ్చు కదా.

మేడమీది మాస్టారు

అడిగారు కాబట్టి చెబుతాను. ఒక పూట ఆలోచించి రాస్తున్నాను.

మా అమ్మ. ఎనభై ఆరేళ్ళు, పక్షవాతం. మూడో రోజున పడవలో వచ్చిన కుర్రాళ్ళు కుర్చీకి కట్టి దించుతామన్నారు. మంచి పిల్లలు, ఏ ఊరివాళ్ళో. నేను వద్దన్నాను.

2005 సెప్టెంబరులో కూడా బుడమేరు వచ్చింది. అప్పుడు మాకు మేడ లేదు. మా నాన్నకు ఆయాసం. నులక మంచం మీద మోసుకుని వెళ్ళి బంధువుల ఇంట్లో పెట్టాం. నాలుగో రోజు రాత్రి పోయారు. ఇంటివాళ్ళు మంచివాళ్ళే. కానీ వాళ్ళు ఉన్నది కూడా అద్దె ఇల్లు. ఓనరు వచ్చి, శవం లోపల ఉండటానికి వీల్లేదు, ఇల్లు మూతపెట్టుకోవలసి వస్తుంది అన్నాడు. అరుగు మీద కూడా వద్దన్నాడు. రాత్రంతా వీధిలో, సన్నని వానలో, పట్టా కప్పి కూర్చున్నాం. ఊళ్ళో మా ఇల్లు నీళ్ళలో ఉంది. తీసుకుపోవడానికి మాకు గుమ్మం లేదు.

ఆ మరుసటి ఏడాదే అప్పు చేసి మేడ వేశాను. నీళ్ళు ఎంత వచ్చినా మా అమ్మ తన గుమ్మంలో పోవాలని. అందుకే దిగలేదు. ఆవిడ ఆ ఎనిమిది రోజులూ బాగానే ఉంది, ఈ సంక్రాంతి తరువాత పోయింది. ఇంట్లోనే.

ఇది ముందే రాయవలసింది. రాయాలనిపించలేదు.

గొల్లపూడి మేనత్త

అయ్యో, ఆ రాత్రి తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

హ్యూస్టన్‌లో గోదావరి

మాస్టారు గారూ, నేను చెప్పినది ఉపసంహరించుకుంటున్నాను. కొన్ని లెక్కలు అక్కడ ఉండవు.

కందిరీగ

మాస్టారు గారూ. మీ నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. గోడ అన్నందుకు క్షమించండి.

కానీ ఒక మాట అనకుండా ఉండలేను. మీ నాన్నగారిని వీధిలో ఉంచమన్నది వరద కాదు. ఇంటి ఓనరు. మా మామగారు పోయినప్పుడు మాకూ అదే జరిగింది. అప్పుడు వాన లేదు, బుడమేరు లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తేవద్దన్నారు, అటునుంచి అటే తీసుకుపోయాం. మీకు 2005లో నాలుగు రోజులు గుమ్మం లేదు. మాకు ఎప్పుడూ లేదు. ఆగాలా వెళ్ళాలా అని మీరు అడుగుతుంటే అందుకే నాకు ఒళ్ళు మండింది. ఆగడానికి మాది అనే చోటు ఉంటే కదా వదిలి వెళ్ళడం! మేము ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి వెళ్ళాం, అంతే.

మేడమీది మాస్టారు

ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి మా మెట్ల గ్రిల్లుకూ తాళం ఉంది. కింది వాళ్ళు పిలిస్తే దిగి తీశాను. తాళంచెవి వెతకడానికి ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. వాళ్ళ ఫ్రిజ్ అందలేదు. అద్దె ఎగ్గొట్టారని ఇన్నాళ్ళూ తిడుతున్నాను. వాళ్ళు ఎందుకు చెప్పకుండా పోయారో ఇప్పుడు అనుమానం వస్తోంది.

కాలువగట్టు

గ్రిల్లు తాళంచెవి రెండోది కింది వాటాలో ఇవ్వడం మంచి పద్ధతి. దీనికి ఎవరి అనుమతీ, నిధులూ అక్కరలేదు.

ఉయ్యూరు చెరుకు

కాలువగట్టు గారు కాలువ లేకుండా రాసిన మొదటి సమాధానం ఇది. రాసి పెట్టుకోండి.

వంతెన పక్క

నాన్నగారికి అంతా చదివి వినిపించాను. మాస్టారి నాన్నగారి సంగతి దగ్గర ఆపమన్నారు. కాసేపయ్యాక, "మన పై వాటా వాళ్ళను అడిగావా, ఈసారి కూడా ఉండనిస్తారా అని?" అన్నారు. అడగలేదు. ఆరు రోజులు వాళ్ళ వసారాలో ఉన్నాం, వెళ్ళాక ఒక్కసారి కూడా పలకరించలేదని అప్పుడు గుర్తొచ్చింది. రేపు వెళ్ళాలి. మా ఆవిడ సంచి మాత్రం గుమ్మం దగ్గరే ఉంది, తీయనివ్వడం లేదు.

బొక్కలగడ్డ

సంచిలో టార్చి, అగ్గిపెట్టె, ఫోనుకు ఛార్జింగ్ పెట్టే పవర్ బ్యాంకు కూడా వేయమనండి. మా ఇంట్లో అవి లేకనే రెండు రోజులు ఎవరు బతికారో తెలియలేదు.

కందిరీగ

చర్చకు సంబంధం లేనిది అడుగుతున్నాను, నిర్వాహకులు మన్నించాలి. పాయకాపురంలో గానీ సింగ్‌నగర్‌లో గానీ పై వాటా అద్దెకు ఎక్కడైనా ఉందా? వరద తరువాత అందరూ పై వాటాలే అడుగుతున్నారు, అద్దెలు అందడం లేదు. పిల్ల బడి మార్చడం ఇష్టం లేదు.

మేడమీది మాస్టారు

నా దగ్గర కింది వాటా ఒక్కటే ఉంది. ఏడాదిగా ఖాళీ. గ్రిల్లు తీయించేశాను.

కందిరీగ

అద్దె ఎంత? అడ్వాన్సు ఒక నెలా, రెండు నెలలా?